ట్యాబ్ కొనేముందు పెన్ను చూడండి

జూన్ వచ్చిందంటే ఇంటర్ దాటిన పిల్లలున్న ఇళ్లలో ఇదే చర్చ. ట్యాబ్ కొనిద్దామా, కొంటే ఏది కొందాం? నాకు ఫోన్ చేసేవాళ్లందరూ ర్యామ్ ఎంత ఉండాలి, కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లు అనే అడుగుతారు. దానితో వచ్చే పెన్ను ఎలాంటిదని ఒక్కరూ అడగరు. కాలేజీ చదువుకి కొనే ట్యాబ్‌లో మొట్టమొదట చూడాల్సింది పెన్నే అని నా గట్టి నమ్మకం.

మా మేనకోడలు ఈసీఈ రెండో ఏడాది. కాలేజీలో చేరిన కొత్తలో వాళ్ల నాన్న ఆన్‌లైన్ సేల్‌లో పన్నెండు వేలకి ఒక ట్యాబ్ కొని, మూడొందలు పెట్టి రబ్బరు మొన పెన్ను విడిగా తెప్పించాడు. నెల తిరక్కుండా అది సినిమాలు చూసుకోవడానికే మిగిలింది. ఎందుకమ్మా అంటే నా ముందే రాసి చూపించింది. అరచెయ్యి స్క్రీన్‌కి ఆనగానే పేజీ పక్కకి జరిగిపోయింది. చెయ్యి గాల్లో ఉంచి రాస్తే ఇంటిగ్రల్ గుర్తు కింద వేసిన సున్నా మసి చుక్కలా అలుక్కుపోయింది. "ఇలా గంటసేపు క్లాసులో రాయగలనా మావయ్యా?" అంది.

ఎవరూ రాయలేరు. ఆ రబ్బరు పెన్నుకీ మన వేలికీ ట్యాబ్ దృష్టిలో తేడా లేదు. ఏది పెన్నో ఏది అరచెయ్యో దానికి తెలియదు. అసలైన పెన్ను వేరు. శాంసంగ్ ఎస్ పెన్‌నే తీసుకోండి. స్క్రీన్ కింద ఉన్న పొర నుంచే అది శక్తి తీసుకుంటుంది కాబట్టి రాతకి ఛార్జింగ్ అక్కర్లేదు. ఎంత నొక్కితే గీత అంత లావుగా పడుతుంది. పెన్ను దగ్గరికి రాగానే ట్యాబ్ అరచేతిని పట్టించుకోవడం మానేస్తుంది. ఇప్పుడొస్తున్న గెలాక్సీ ట్యాబ్ ఎస్ మోడళ్లలో అది డబ్బాలోనే ఉంటుంది. ఐప్యాడ్‌కి మాత్రం విడిగా కొనాలి. 2025లో వచ్చిన మామూలు ఐప్యాడ్ మన దగ్గర 34,900 రూపాయలకి విడుదలైంది. దాని మీద రాసే యూఎస్‌బీ-సీ ఆపిల్ పెన్సిల్‌కి ఇంకో 7,900. ఆ పెన్సిల్ నొక్కుడు తేడాని గుర్తించదు, అయినా నోట్సుకి బాగానే సరిపోతుంది. ధరలు పోల్చేటప్పుడు ఈ రెండూ కలిపి పోల్చండి.

రెండోది పేజీ. మన పాఠాలన్నీ ఏ4 సైజు పీడీఎఫ్‌లే. ట్యాబ్‌ని నిలువుగా పట్టుకుంటే 11 అంగుళాల 16:10 (పొడవు, వెడల్పుల నిష్పత్తి) స్క్రీన్ మీద ఆ పేజీ సుమారు 70 శాతానికి కుంచించుకుపోతుంది. అదే 11 అంగుళాలు 4:3 ఆకారంలో ఉంటే 75 శాతం. అయిదు శాతమేగా అనిపిస్తుంది కానీ, సబ్‌స్క్రిప్టులు, అంటే అక్షరాల కింద వేసే చిన్న అంకెలు, నిండిన సర్క్యూట్ పేజీ చదివేవాళ్ల కళ్లకి ఆ తేడా తెలుస్తుంది. ఎనిమిది అంగుళాలవి చదువుకి కొనకండి. ప్రాసెసర్, కెమెరా గురించి ఇక్కడ చెప్పాల్సింది ఏమీ లేదు.

ఆ డబ్బుకి ల్యాప్‌టాపే వస్తుంది కదా అనేవాళ్లున్నారు. కంప్యూటర్ సైన్స్, మెకానికల్ పిల్లల విషయంలో వాళ్ల మాట నిజం. యంత్రాల డిజైన్లు గీసే సాలిడ్‌వర్క్స్ లాంటి సాఫ్ట్‌వేర్లు ట్యాబ్‌లో నడవవు, ఒక్కటే కొనగలిగితే ల్యాప్‌టాపే కొనాలి. కానీ గణితం, రసాయన సమీకరణాలు, ఎకనామిక్స్ గ్రాఫులు చేత్తో గీస్తేనే వస్తాయి. పరీక్ష కూడా చేత్తోనే రాయాలి.

ఇంతవరకూ కొనేవాళ్ల సంగతి. నన్ను నిజంగా బాధపెట్టే విషయం వేరే ఉంది. మా పక్కింటి అబ్బాయి ఒక షాపులో పనిచేస్తూ తెలుగు మీడియంలో దూరవిద్య ఎంఏ ఎకనామిక్స్ చదువుతున్నాడు. జీతంలో దాచి మంచి పెన్నున్న ట్యాబే కొన్నాడు. వాట్సాప్ గ్రూపులో వచ్చిన పుస్తకం పీడీఎఫ్ తెరిచి, 'ద్రవ్యోల్బణం' అని వెతికాడు. ఫలితాలు లేవంది. ఆ మాట కళ్లెదురుగా శీర్షికలోనే ఉంది! అదే పదాన్ని కాపీ చేసి పేస్ట్ చేస్తే అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు పడ్డాయి. ఎందుకంటే ఆ పుస్తకం అనూ ఫాంట్లలో కంపోజ్ చేసింది. అందులో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల బొమ్మలు కూర్చుంటాయి. అచ్చులో ముచ్చటగా ఉంటుంది, కంప్యూటర్‌కి మాత్రం అది తెలుగని తెలియదు. ఇంకో పుస్తకమైతే ఫోన్‌తో తీసిన ఫోటోల కట్ట.

ప్రతి భాష అక్షరానికీ ఒక నంబరిచ్చి ఏ కంప్యూటర్‌కైనా అది ఏ అక్షరమో తెలిసేలా చేసే పద్ధతి యూనికోడ్. అందులో తెలుగు 1991 నుంచే ఉంది. 2011లో కేంద్ర ప్రభుత్వం విద్యార్థుల కోసం తెచ్చిన చౌక ట్యాబ్ ఆకాశ్ వచ్చినప్పుడు దేశమంతా దాని ధర గురించే మాట్లాడుకుంది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబ్‌లు పంచినప్పుడూ చర్చంతా పరికరం చుట్టూనే తిరిగింది. తెలుగు మీడియం డిగ్రీ విద్యార్థి ట్యాబ్ తెరిస్తే వెతకగలిగే పుస్తకం ఉందా అని ఎవరు అడిగారు? 1968లో పుట్టిన తెలుగు అకాడమీ ఇన్నేళ్లలో తెచ్చిన తెలుగు మీడియం పాఠ్యపుస్తకాలు మనకున్న పెద్ద ఆస్తి. అనూ నుంచి యూనికోడ్‌కి మార్చే సాధనాలు ఎప్పటినుంచో ఉన్నాయి, స్కాన్ చేసిన తెలుగు పేజీని అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. కావాల్సింది తప్పులు దిద్దే మనుషులు, వాళ్లకివ్వడానికి కాస్త బడ్జెట్. ఒక్క ఏడాది ట్యాబ్‌ల కొనుగోలు పక్కనపెట్టి ఈ పనికి డబ్బు ఇవ్వమని రెండు ప్రభుత్వాలనీ అడుగుతున్నాను.

మొన్న ఆ అబ్బాయి తన పీడీఎఫ్ చూపించాడు. అట్ట వెనక ఉన్న ఖాళీ పేజీలో ట్యాబ్ పెన్నుతో సొంతంగా ఒక సూచిక రాసుకున్నాడు, ఒక్కో పేజీ తిప్పి చూసి. 'ద్రవ్యోల్బణం - 148, 151, 163.' దాని కింద 'ద్రవ్యలోటు' అని రాసి, నంబర్ల కోసం ఖాళీ వదిలాడు.