నమ్మితే ఒక మార్కు కట్

బ్రిటన్‌లో 2007 నుంచి ఒక రేడియో కార్యక్రమం వస్తోంది. పైకి చూస్తే నలుగురు కమెడియన్లు కూర్చుని ఆడే ఆట. లోపలున్నది మాత్రం మన సమాజం పునాదులు కదిలించే వ్యవహారం. ఎక్కడో విదేశీ రేడియో, మనదాకా రాదులే అని ఊరుకున్నాం. ఇంటర్నెట్ పుణ్యమా అని మా హాల్లోకే వచ్చేసింది. అందుకే ఈ హెచ్చరిక.

బీబీసీ రేడియో 4లో వచ్చే దాని పేరు 'ది అన్‌బిలీవబుల్ ట్రూత్'. ఈ ఆటను కనిపెట్టింది గ్రేమ్ గార్డెన్, జాన్ నైస్మిత్. వీళ్లలో గార్డెన్ శుభ్రంగా డాక్టరీ చదివి, పాసై, కామెడీలోకి దూకిన మనిషి. మన ఇళ్లలో కార్యక్రమాన్ని నిషేధించడానికి ఈ ఒక్క వాక్యం చాలు. అయినా ముందుకు వెళదాం. డేవిడ్ మిచెల్ అనే ఆయన ఆటను నడిపిస్తాడు. ఆ నలుగురిలో ఒక్కొక్కరూ ఒక విషయం మీద చిన్న ఉపన్యాసం ఇస్తారు. విషయం మామూలుదే, గుడ్లో పిల్లులో ఏదో ఒకటి. ఉపన్యాసం మొత్తం అబద్ధాలు. మధ్యలో ఐదంటే ఐదు నిజాలు దాచి, ఎవరి కంటా పడకుండా దాటించాలి. మిగతా ముగ్గురూ వింటూ, నిజం అనిపించిన చోట బజర్ నొక్కాలి. పట్టుకుంటే ఒక పాయింట్. దొరక్కుండా దాటిన ప్రతి నిజానికీ చెప్పినవాడికి ఒక పాయింట్. ఇంతవరకూ ఎవరికీ అభ్యంతరం ఉండదు. అబద్ధాన్ని నిజమనుకుని బజర్ నొక్కితే మాత్రం ఒక పాయింట్ కట్!

అంటే నమ్మినందుకు నెగెటివ్ మార్కు. ఇది మన సంస్కృతిలో లేదని మనవి చేస్తున్నాను.

మనం ఎంసెట్ రాసి పెరిగినవాళ్లం. ఇప్పుడు దాన్ని ఈఏపీసెట్ అంటున్నారు, పేరు సాగింది గానీ ధర్మం మారలేదు. 160 ప్రశ్నలు, నెగెటివ్ మార్కులు లేవు. "చివరి ఐదు నిమిషాల్లో మిగిలినవన్నీ 'సి' పెట్టేసి రారా" అని దీవించి పంపే పెద్దలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. పోయేదేముంది? తగిలితే మార్కు, తగలకపోతే పాతదే. హాలు బయటికొచ్చాక కూడా మనం ఇదే పద్ధతిలో బతుకుతున్నాం. ఫోన్లో ఏదొచ్చినా నిజమని పెట్టేయడమే. నిజమైతే ముందు చెప్పింది మనమే, కాకపోతే మనల్ని అడిగేవాడెవడు? జేఈఈ వాళ్లు తప్పు జవాబుకు ఒక మార్కు కోసి పిల్లల చేతులు వణికిస్తున్నారు. ఆ వణుకు పెద్దవాళ్లకూ అంటుకుంటే ఫ్యామిలీ గ్రూపులు ఏమైపోవాలి? పొద్దున్నే ఆరింటికి గుడ్ మార్నింగ్ తప్ప ఇంకేం మిగులుతుంది?

ఇంకో ఘోరం. ఆ కార్యక్రమంలో బాగా చదువుకున్నవాళ్లు, పేరున్నవాళ్లు మైనస్ స్కోర్లతో ఓడిపోతుంటారు. మిచెల్ దాన్ని గవర్నరు ప్రసంగం చదివినంత గంభీరంగా చదువుతాడు. మైనస్ నాలుగు వచ్చినవాడు చప్పట్ల మధ్య నవ్వుకుంటూ ఇంటికి పోతాడు. మన దగ్గరైతే మైనస్ నాలుగు వచ్చిన పెద్దమనిషి ఆ ఏడాది పెళ్లిళ్లలో ముఖం చూపించగలడా?

వాళ్ల కిటుకు కూడా చెప్పాలి. నిజానికి చింపిరి బట్టలు వేస్తారు, అబద్ధానికి ఇస్త్రీ చొక్కా తొడుగుతారు. వాంబాట్ అనే జంతువు పెంట ఘనాకారంలో, పాచికల్లా పడుతుందనేది నిజం. దాన్ని నాలుగు వెకిలి మాటల మధ్య పెడితే ఎవడూ బజర్ ముట్టుకోడు. స్కాట్లండ్ జాతీయ జంతువు ఒంటికొమ్ము గుర్రం, అంటే అసలు లేని జంతువు. ఇదీ నిజమే, ఇదీ దాటిపోతుంది. అదే "తాజా అధ్యయనం ప్రకారం 37 శాతం మంది" అనగానే చేతులు వాటంతట అవే బజర్ మీదికి పోతాయి. శాతం కనిపిస్తే చాలు, మనిషి మెత్తబడతాడు.

బీబీసీకి ఈ పాపం కొత్త కాదు. 1957 ఏప్రిల్ 1న 'పనోరమా' అనే గంభీరమైన వార్తా కార్యక్రమంలో స్విట్జర్లండ్ రైతులు చెట్ల నుంచి స్పగెట్టి కోస్తున్నట్టు టీవీలో చూపించారు. స్పగెట్టి అంటే సేమ్యాకు పెదనాన్న లాంటిది. ఆ చెట్టు ఎలా పెంచాలని జనం ఫోన్లు చేశారు. ఒక కొమ్మను టమాటా సాస్ డబ్బాలో గుచ్చి దేవుడి మీద భారం వేయండి అన్నట్టు జవాబిచ్చారట. అడిగినవాళ్లకు ఒక్క మార్కు కూడా కోయలేదు. అప్పట్లో విలువలుండేవి.

ఈ ఆట ఎంత ప్రమాదకరమో తేల్చడానికి మొన్న ఆదివారం స్వయంగా ఒక ప్రయోగం చేశాను. బజర్ బదులు తలా ఒక స్టీలు గ్లాసు, స్పూను. హాజరైనవారు మా ఆవిడ, తొమ్మిదో తరగతి చదువుతున్న మావాడు, మా మామయ్యగారు. నా విషయం ఈము పక్షి. ఆ పేరు వినగానే మా ఆవిడ కళ్లతోనే వద్దంది. మామయ్యగారు రిటైరైన కొత్తలో, ఈము ఫారాలు ఊపు మీదున్న రోజుల్లో, రెండు జతలు కొన్నారు. గుడ్లు కంపెనీవాళ్లే కొనుక్కుంటారన్నారు. తర్వాత పక్షులున్నాయి, గుడ్లున్నాయి, కంపెనీ లేదు. కానీ పరిశోధనకు మొహమాటం పనికిరాదు కదా, మొదలుపెట్టేశాను.

"ఈము శనివారం ఒంటిపూట భోజనం చేస్తుంది. గుడ్డు ముదురు ఆకుపచ్చగా గోంగూర పచ్చడి రంగులో ఉంటుంది. ఆడది గుడ్లు పెట్టి తన దారిన పోతే, మగ పక్షి దాదాపు తిండీ నీళ్లూ మానేసి ఎనిమిది వారాలు వాటి మీద కూర్చుంటుంది..."

టంగుమని మా ఆవిడ గ్లాసు. "ఇది నిజం. ఇలాంటి మగవాణ్ని మీరు కల్పించలేరు." ప్లస్ ఒకటి.

"ఈము నూనె మోకాళ్లకు రాస్తే 72 శాతం మందికి పది రోజుల్లో నొప్పులు తగ్గాయని జర్మనీ డాక్టర్లు తేల్చారు."

టంగ్! మామయ్యగారు. మైనస్ ఒకటి.

"అది నేను అల్లిందండీ మామయ్యగారూ."

"మరి 72 శాతం అన్నావు కదా బాబూ?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. మెడ పొడవు వల్ల ఈముకు బీపీ రాదన్నప్పుడు మళ్లీ టంగ్. వ్యోమగాముల దిండ్లలో ఈము ఈకలే వాడతారన్నప్పుడు మళ్లీ టంగ్. అరుగుదల కోసం రాళ్లు మింగుతుందన్నప్పుడు మావాడు పట్టేశాడు. ఆస్ట్రేలియా రాజముద్ర మీద కంగారూకు ఎదురుగా ఈము నిలబడి ఉంటుందనేది ఎవరూ పట్టించుకోలేదు. "జత ఈములు పెంచితే మూడేళ్లలో పెట్టుబడికి మూడు రెట్లు" అన్నాను. మామయ్యగారి చెయ్యి స్పూను దాకా వెళ్లింది. అక్కడే ఆగింది. దారి మార్చుకుని పక్కనున్న టీ కప్పు అందుకుంది. ఆ మైనస్ ఆయన ఎప్పుడో కట్టేశారు.

చివరగా, 1932లో ఆస్ట్రేలియా సైన్యం మెషిన్‌గన్లతో ఈముల మీదికి యుద్ధానికి వెళ్లి ఓడిపోయి వచ్చిందన్నాను. ఒక్క గ్లాసూ మోగలేదు. మావాడు "నాన్నా, మరీ ఇంతనా" అన్నాడు. అదే అసలు నిజం. పశ్చిమ ఆస్ట్రేలియాలో మాజీ సైనికుల గోధుమ పొలాలను ఈములు పాడుచేస్తుంటే మేజర్ మెరెడిత్ రెండు లూయిస్ గన్లు, పదివేల తూటాలతో దిగాడు. పక్షులు గుంపులుగా చీలిపోయి తప్పించుకున్నాయి. తిరిగొచ్చి 9,860 తూటాలకు 986 ఈములు పడ్డాయని లెక్క చెప్పాడు. సరిగ్గా పదికి ఒకటి. ఇంత చక్కగా కుదిరిన లెక్కను నమ్మి ఎవరైనా గ్లాసు మోగిస్తే మైనస్ పడేదేమో.

తుది స్కోరు: నాకు మూడు, తల్లీకొడుకులకు చెరొకటి, మామయ్యగారికి మైనస్ మూడు. ఆయన ఏమీ అనలేదు. గ్లాసు కడిగి బోర్లించి పడుకున్నారు.

మర్నాడు పొద్దున ఫ్యామిలీ గ్రూపులో ఆయన మెసేజ్: 'మా అల్లుడు స్వయంగా పరిశోధించిన అద్భుత విషయాలు'. కింద మోకాళ్ల నూనె, బీపీ, వ్యోమగాముల దిండ్లు. పద్నాలుగు మంది దండాలు పెట్టారు. ఆ నూనె హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతుందని కాకినాడ పిన్ని అడిగింది.

యుద్ధం సంగతి మాత్రం అందులో లేదు. ఎందుకు వదిలేశారని అడిగాను.

"అది పెడితే నవ్విపోతారు బాబూ, నమ్మేలా ఉండాలి కదా" అన్నారు.