క్లాడియస్‌కు కిరీటమే ముందు

వదిన మీద మోజుతో అన్నను చంపినవాడు. షేక్‌స్పియర్ 'హామ్లెట్' నాటకంలో డెన్మార్క్ రాజు క్లాడియస్ గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతారు. మనం కథను చనిపోయిన రాజు కొడుకు హామ్లెట్ కళ్లతో చూస్తాం, అతని చూపేమో తల్లి పడకగది దాటి పోదు.

రెండో సీన్‌లో కొత్త రాజు కొలువు చూడండి. అన్న చావు, వదినతో పెళ్లి గబగబా చుట్టబెట్టేసి నార్వే సంగతి ఎత్తుకుంటాడు. తండ్రి పోగొట్టుకున్న భూముల కోసం అక్కడి రాకుమారుడు ఫోర్టిన్‌బ్రాస్ సేన పోగేస్తున్నాడు. ఆ వేడిలోనే వదిన గెర్ట్రూడ్‌ను రాజ్యంలో భాగస్వామిగా సభకు చూపిస్తాడు. ఈ డెన్మార్క్‌లో రాజు కొడుకే రాజు కావాలని లేదు, ఎన్నుకుంటారు. పాత రాణి పక్కన నిలబడితే కొత్తవాడికి సగం పట్టాభిషేకం అయినట్టే. 1600 ప్రాంతపు లండన్ ప్రేక్షకులకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. వాళ్ల ఎలిజబెత్ రాణికి పిల్లల్లేరు, వారసుడెవరో ప్రకటించనూ లేదు.

మరి ప్రేమ? ఆమె లేనిదే తాను లేనని, హామ్లెట్‌ను చంపే కుట్రలో తనతో చేయి కలిపిన లేర్టీస్‌తో అంటాడు. అది నటన కాదంటే నేనూ కాదనను. కానీ ఆ ప్రేమ ఎంతపాటిదో చివరి సీన్‌లో తేలిపోతుంది. హామ్లెట్ కోసం విషం కలిపిన పాత్రను గెర్ట్రూడ్ అందుకుంటుంది. 'తాగొద్దు' అంటాడు, అంతే. చేతిలోంచి లాగెయ్యొచ్చు, విషమని అరవొచ్చు. అరిస్తే కుట్ర బయటపడుతుంది, సింహాసనం పోతుంది. ఆమె తాగేస్తుంది. ఇక ఆలస్యమైపోయిందని తనలో తాను అనుకుంటాడు. ఆమె కుప్పకూలితే, రక్తం చూసి కళ్లు తిరిగాయని సభకు అబద్ధం చెబుతాడు! హత్యతో తనకు దక్కినవాటిని ప్రార్థన సీన్‌లో అతనే లెక్కబెడతాడు: కిరీటం, అధికార కాంక్ష, రాణి. ఆమెది మూడో స్థానం.

అయితే నన్ను అతనికన్నా ఎక్కువ కలవరపెట్టేది అతని సభ. మీ ఇష్టప్రకారమే ఈ పెళ్లి జరిగిందని క్లాడియస్ కృతజ్ఞతలు చెబితే ఒక్కరూ నోరెత్తరు. తోటలో నిద్రపోతున్న రాజును పాము కరిచిందన్న కథను దేశమంతా మింగేసింది. అన్న బతికుండగా క్లాడియస్‌ను వెక్కిరించినవాళ్లే ఇప్పుడు అతని చిన్న చిత్రపటానికి 20, 40, 50, 100 డకెట్లు (బంగారు నాణేలు) పోస్తున్నారని హామ్లెట్ అంటాడు. రాత్రికి రాత్రి ఫ్లెక్సీలు మారడం చూసిన మనకిది వింతేమీ కాదు. చివరికి లేర్టీస్ 'దోషి రాజే' అని అందరి ముందూ చెప్పేశాక, హామ్లెట్ ఆ రాజును పొడిస్తే సభ ఏమని అరిచిందో తెలుసా? 'రాజద్రోహం' అని.