క్షమాపణ అంటే పాపానికి లైసెన్సా? ఆ మెసేజ్‌కి నా జవాబు

"ఆరు రోజులు పాపం చెయ్యి, ఏడో రోజు చర్చికెళ్ళి ఏడువు, ఖాతా క్లియర్." ఇలా మొదలయ్యే మెసేజ్ ఒకటి వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో రకరకాల రూపాల్లో తిరుగుతూనే ఉంటుంది. క్రీస్తు పాపభారం దించుతాడన్నది ఒట్టి మాట అనీ, తప్పు చేసినవాడికి హాయిగా నిద్ర పట్టడానికి తప్ప అది ఎందుకూ పనికిరాదనీ దాని వాదన. అది చదివి కొందరు విశ్వాసులు బాధపడి ఊరుకుంటారు, కొందరు కోపంతో తిట్టిపోస్తారు. రెండూ జవాబులు కావు. అందులోని ఆరోపణలకి విడివిడిగానే జవాబు చెప్పాలి, కొన్నిటికి మన సంఘాలే అవకాశమిచ్చాయి కాబట్టి అదీ దాచకుండా చెప్పాలి.

క్షమాపణ అంటే మళ్ళీ పాపం చేయడానికి లైసెన్సు అన్నది మొదటి ఆరోపణ. ఇది రెండు వేల ఏళ్ళ నాటి ప్రశ్న. తొలినాటి క్రైస్తవ బోధకుడు పౌలు రోమాలోని సంఘానికి రాసిన ఉత్తరంలో ఆరో అధ్యాయం దీంతోనే మొదలవుతుంది: "కృప విస్తరింపవలెనని పాపమందు నిలిచియుందుమా? అట్లనరాదు." వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీని రాళ్ళ దెబ్బల నుంచి కాపాడిన యేసు ఆమెతో "నేనును నీకు శిక్ష విధింపను" అన్నాడు, ఆ వెంటనే "ఇక పాపము చేయకుము" అని కూడా అన్నాడు. మెసేజ్ రాసినవాళ్ళు మొదటి సగం దగ్గరే ఆగిపోయారు, నిజానికి కొంతమంది బోధకులు కూడా అక్కడే ఆగిపోతారు. ఇశ్రాయేలు రాజు దావీదు సంగతే చూడండి. తన సైనికుడు ఊరియాని యుద్ధంలో చంపించి అతని భార్య బత్షెబను తెచ్చుకున్నాడు, నాతాను ప్రవక్త వచ్చి నిలదీస్తే ఒప్పుకున్నాడు, క్షమాపణ దొరికింది. కానీ అదే సంభాషణలో, నీ ఇంటిని కత్తి వదలదని కూడా నాతాను చెప్పాడు. తర్వాత అతని కొడుకులు అమ్నోను, అబ్షాలోముల విషయంలో ఆ ఇంట్లో ఏం జరిగిందో చదివితే, ఖాతా క్లియర్ అనే మాట ఎవరి నోటా రాదు.

రెండో ఆరోపణ నా దృష్టిలో అన్నిటికంటే గట్టిది. "దేవుడు క్షమించాడు సరే, మోసపోయినవాడి గతేంటి?" అని అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. అయితే బైబిల్ దీన్ని దాటేసి పోలేదు. సంఖ్యాకాండం ఐదో అధ్యాయంలో తప్పు చేసినవాడు ఒప్పుకోవడంతో సరిపోదు, నష్టపరిచినదానికి ఐదో వంతు కలిపి నష్టపోయినవాడికే ఇవ్వాలని ఉంది. యేసు కొండమీది ప్రసంగంలో ఇంకా సూటిగా చెప్పాడు: బలిపీఠం దగ్గర అర్పణ ఇవ్వబోతుంటే నీ మీద నీ సహోదరుడికి ఏదైనా విరోధం ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలేసి ముందు వెళ్ళి అతనితో సమాధానపడు. అంటే ఆరాధనైనా ఆపి వెళ్ళాల్సినంత ముఖ్యమన్నమాట. కతోలిక సంఘంలోనూ పాపసంకీర్తనంతో, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడంతో, అంతా అయిపోదు. 1992లో వెలువడిన వాళ్ళ సత్యోపదేశ గ్రంథం, దొంగిలించిన వస్తువు తిరిగివ్వాలనీ, చెడగొట్టిన పరువు తిరిగి నిలబెట్టాలనీ స్పష్టంగా చెబుతుంది.

ఇక జక్కయ్య. యెరికోలో పన్నులు వసూలు చేసే సుంకరుల పెద్ద, జనం అసహ్యించుకునే మనిషి. యేసు అతన్ని ముందు లెక్కలు అడగలేదు, "ఈరోజు నీ ఇంట్లో ఉంటాను" అన్నాడు. అది విని జక్కయ్య తన ఆస్తిలో సగం బీదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నది ఏదైనా ఉంటే నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. ఆ డబ్బుతో అతను క్షమాపణ కొనుక్కోలేదు, యేసు అప్పటికే అతని ఇంటికి వస్తానన్నాడు. తప్పు ఒప్పుకుంటే నా బతుకేమవుతుందో అన్న భయం ఉన్నంతకాలం మనిషి దాస్తూనే ఉంటాడు, ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం కలుపుతూ పోతాడు. తనని పూర్తిగా ఎరిగినవాడే తోసేయలేదని తెలిసినప్పుడు దాచాల్సిన అవసరం పోతుంది, అప్పుడే నష్టపోయినవాడి గుమ్మం తొక్కే ధైర్యం వస్తుంది. విడుదల అని మేం చెప్పేది దీన్నే. కాబట్టి చీటీ డబ్బులు ఎగ్గొట్టి, తమ్ముడి పొలం గట్టు జరిపి, కోడలి నగలు తాకట్టు పెట్టి, ఆదివారం మైకు పట్టుకుని "ప్రభువు నా పాపాలన్నీ తీసేశాడు" అని సాక్ష్యం చెప్పేవాడి మీద మెసేజ్ రాసినవాళ్ళకి ఎంత కోపం ఉందో నాకూ అంతే ఉంది. పాస్టర్లు, సంఘ పెద్దలు అలాంటివాళ్ళని మైకు దగ్గరికి కాదు, ముందు ఆ తమ్ముడి ఇంటికి పంపాలి.

మూడోది, "అమేజింగ్ గ్రేస్" అనే ప్రసిద్ధ ఇంగ్లీషు క్రైస్తవ గీతం రాసిన జాన్ న్యూటన్ గురించి. "అమేజింగ్ గ్రేస్ పాట రాస్తూనే బానిసల్ని అమ్ముకున్నాడు, ఇదీ మీ మారుమనస్సు" అని రాశారు. ఇందులో తేదీలు తప్పు, కానీ అసలు విషయం తేలిగ్గా తీసేసేది కాదు. 1748లో సముద్రంలో తుఫానులో చిక్కుకుని న్యూటన్ దేవుడికి మొరపెట్టాడు. ఆ తర్వాత కూడా బానిసల వ్యాపారం మానలేదు, 1750 నుంచి 1754 వరకు బానిసల్ని తీసుకెళ్ళే ఓడలకి కెప్టెన్‌గా చేశాడు. 1754లో ఓడ పని వదిలింది కూడా జబ్బు చేసి, మనసు మారి కాదు. 1764లో ఓల్నీ అనే ఊళ్ళో సంఘ కాపరి అయ్యాడు, ఆ పాట 1773 కొత్త సంవత్సరం ఆరాధన కోసం రాశాడు. అంటే పాట రాసేటప్పటికి అతను ఆ ఓడ పని వదిలి పద్దెనిమిదేళ్ళు దాటింది, కానీ దాని గురించి బహిరంగంగా నోరు విప్పలేదు. ఆ మౌనాన్ని నేను సమర్థించను, దానికి తగిన సాకు ఏదీ లేదు.

అయితే కథ అక్కడితో ముగియలేదు. తర్వాత బానిసల వ్యాపారం మీద పార్లమెంటులో పోరాడిన విల్బర్‌ఫోర్స్ 1785లో, యువ ఎంపీగా ఉన్నప్పుడు, రాజకీయాలు వదిలేద్దామా అన్న సందిగ్ధంలో వస్తే, పార్లమెంటులోనే ఉండి సేవ చేయమని ప్రోత్సహించింది న్యూటనే. 1788లో బానిసల వ్యాపారం మీద ఒక పుస్తకం అచ్చువేసి, ఓడల్లో మనుషుల్ని ఎలా కుక్కేవారో, ఎలా హింసించేవారో తన కళ్ళతో చూసింది రాశాడు, అందులో తన పాత్ర తనకి ఎప్పటికీ సిగ్గుచేటేనని ఒప్పుకున్నాడు. పార్లమెంటు విచారణలో సాక్ష్యమిచ్చాడు. బ్రిటన్ 1807 మార్చిలో ఆ వ్యాపారాన్ని నిషేధించింది, అదే ఏడాది డిసెంబరులో న్యూటన్ చనిపోయాడు. క్షమాపణ నమ్మినవాడు తన నేరం మర్చిపోయి నిద్రపోతాడన్నదే ఆ మెసేజ్ వాదన కదా, మరి ఈ మనిషి ముసలితనంలో, తన పరువు పోతుందని తెలిసీ ఎందుకు రాసినట్టు?

"ముందు నువ్వు పాపివని భయపెడతారు, తర్వాత మందు అమ్ముతారు" అన్నది నాలుగోది. భయపెట్టే బోధకులు ఉన్నారు, కాదనను. జబ్బు చేస్తే, గర్భం పోతే, పిల్లాడికి వైకల్యం ఉంటే "ఏ పాపం చేశావో ఒప్పుకో" అనేవాళ్ళున్నారు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు సరిగ్గా అదే అడిగితే యేసు, వీడూ పాపం చేయలేదు, వీడి కన్నవాళ్ళూ చేయలేదని చెప్పాడు. చేయని పాపం మోపేవాళ్ళు ఆయన మాటకి ఎదురు నడుస్తున్నారు. కానీ నిజంగా చేసిన తప్పు బరువు బోధకుడు పెట్టింది కాదు. చర్చి మొహం చూడనివాడికి కూడా తను మోసం చేసిన మనిషి ఎదురైతే గుండెల్లో టెన్షన్ పుడుతుంది. దావీదు 32వ కీర్తనలో చెప్పింది అదే, నోరు మూసుకుని ఉన్నంతకాలం తన ఎముకలు క్షీణించాయన్నాడు.

కానుకల పెట్టెలో డబ్బు వేస్తే పాపం పోతుందన్న ఆరోపణకి పెద్ద జవాబు అక్కర్లేదు. దేవుని వరం డబ్బుతో కొనబోయిన సీమోను అనే గారడీవాడితో యేసు శిష్యుడు పేతురు "నీ వెండి నీతోకూడ నశించును గాక" అన్నాడు. పాపశిక్షని రద్దుచేసే పత్రాలు అమ్ముతున్నారనే 1517లో జర్మనీలో మార్టిన్ లూథర్ అనే సన్యాసి తిరగబడ్డాడు, అతని 95 వాదాల్లో మొట్టమొదటిది విశ్వాసి జీవితమంతా పశ్చాత్తాపమే కావాలని. ఈరోజు ఎవరైనా రేటు కట్టి ప్రార్థన చేస్తుంటే ఆ గుంపులోంచి లేచి వచ్చేయండి.

యేసు పక్కన సిలువ వేయబడి, ఆయన దగ్గర క్షమాపణ పొందిన దొంగ చివరి నిమిషంలో తప్పించుకున్నాడని కూడా ఆ మెసేజ్‌లో ఉంది. ఏం తప్పించుకున్నాడు? "మనకైతే యిది న్యాయమే" అని తన శిక్ష ఒప్పుకున్నాడు, ఆ సిలువ మీదే చచ్చిపోయాడు.

మెసేజ్ చివర్లో, ఇదంతా మానసిక సమస్య, డాక్టర్ దగ్గరికి వెళ్తే చాలు అని ఉంది. ఇందులో సగం ఒప్పుకుంటాను. ఏ తప్పూ చేయకపోయినా నేను పాపిని, నాకు క్షమాపణ లేదు అన్న ఆలోచన రోజుల తరబడి వదలకపోతే, నిద్ర, తిండి పోతే, అది డిప్రెషన్ కావచ్చు, డాక్టర్‌కి చూపించుకోవాలి, ప్రార్థన చేస్తున్నామని మందులు ఆపకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు, ఈ నంబరు ప్రతి చర్చి నోటీసు బోర్డు మీద ఉండాలని నా కోరిక. కానీ నిజంగానే ఒకరి సొమ్ము తిన్నవాడికి, ఒకరి బతుకు పాడుచేసినవాడికి ఏ మందుబిళ్ళా ఆ లెక్క తీర్చదు. అతను దేవుని ముందూ ఒప్పుకోవాలి, ఆ మనిషి ముందూ ఒప్పుకోవాలి, తీసుకున్నది తిరిగివ్వాలి.