బోవా పిల్లను తొందరపెట్టకండి

అమెరికాలో మన పిల్లలు కుక్కపిల్లతో ఆగడం లేదు, పాము కూడా కావాలంటున్నారు. పాములూ బల్లులూ అమ్మే రెప్టైల్ షోలో, కొండచిలువ లాంటి విషంలేని పాము బోవా పిల్ల చేతివేళ్ళకు చుట్టుకుంటే చూసి ఎవరికైనా ముద్దొస్తుంది. పెంచుకోవద్దని నేను అనను. నా గొడవంతా దాని తిండి గురించే.

చాలన్నా ఇంకో ముద్ద వడ్డిస్తేగానీ మనకు తృప్తి ఉండదు. బోవా దగ్గర ఆ ప్రేమ పనికిరాదు. ఎప్పుడు పెట్టినా అది కాదనదు. అడవిలో మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో తెలియని జంతువు కదా, దొరికినప్పుడే మింగేస్తుంది. అంతమాత్రాన ఆకలిగా ఉందని కాదు. నాలుగు రోజులకో ఎలుక పెడితే గబగబా పొడుగైతే అవుతుంది, కానీ లోపల కొవ్వు పేరుకుని కాలేయం దెబ్బతింటుంది. "మా పాము ఏడాదికే ఇంత పెరిగింది" అని ఫొటోలు పెట్టేవాళ్ళను చూస్తే నాకు మెచ్చుకోబుద్ధి కాదు.

పుట్టినప్పుడు అది అడుగున్నర ఉంటుంది. పెద్దయ్యాక ఆడది మామూలుగా ఆరు నుంచి ఎనిమిది అడుగులు, మగది కాస్త తక్కువ. ఆ ఎదుగుదలకు కొన్నేళ్ళు పట్టనివ్వండి. మొదటి ఏడాది పది పన్నెండు రోజులకోసారి, పాము నడుము లావు మించని చిన్న ఎలుక చాలు. వంటింటి త్రాసు మీద తూచి, పాము బరువులో పదో వంతు దాటకుండా చూసుకుంటే ఇంకా మంచిది.

పాముల కోసం గడ్డకట్టించి అమ్మే ఎలుకను రాత్రి ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్‌లో కిందికి దించి, మర్నాడు కవర్‌తో సహా గోరువెచ్చని నీళ్ళలో ఉంచి, పొడిగా తుడిచి, పొడుగాటి పట్టకారుతో అందించాలి. నాలుక రెండుసార్లు ఆడుతుంది, అంతే, రెప్పపాటులో పట్టేసి చుట్టేస్తుంది. తర్వాత తాపీగా తల వైపు వెతుక్కుని మింగుతుంది. ఆపైన రెండు రోజులు చేతుల్లోకి తీసుకోకూడదు. అసలు కష్టం పిల్లలకు ఇక్కడే! పెట్టెలో ఒక వైపు 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా వెచ్చదనం లేకపోయినా, తిన్న వెంటనే కదిలించినా కక్కేస్తుంది. అలా కక్కితే, పాపం ఖాళీ కడుపుతో ఉందని వెంటనే ఇంకోటి పెట్టొద్దు. రెండు వారాలు ఆగి, ఈసారి ఇంకా చిన్నది పెట్టాలి.

బోవాకు పాతికేళ్ళ ఆయుష్షు మామూలే. ఫిలడెల్ఫియా జూలో ఒకటి 40 ఏళ్ళు బతికింది. పన్నెండేళ్ళ వయసులో ముచ్చటపడి కొనిపించుకున్నవాడు పద్దెనిమిదికి కాలేజీకి వెళ్ళిపోతాడు, డార్మ్‌లో పామును ఉంచనివ్వరు. ఇక అది అమ్మానాన్నలదే. చూసుకోలేక బయట వదిలేద్దామనే ఆలోచన మాత్రం రానీయకండి. మయామీలోని డీరింగ్ ఎస్టేట్ అనే పార్కు చుట్టుపక్కల బోవాలు ఇప్పటికే అడవి జంతువుల్లా కాపురం పెట్టేశాయి.

కాబట్టి కొనేముందు అడగాల్సింది పిల్లాణ్ణి కాదు, ఇంట్లో మిగిలేవాళ్ళను. పెరుగూ, తిరుపతి లడ్డూ ఉండే ఫ్రిజ్‌లో ఎలుకలు పెట్టనివ్వనని ఇంటావిడ అంటే అందులో తప్పేం లేదు. గరాజ్‌లోకి చిన్న ఫ్రీజర్ ఒకటి ముందే కొనండి, పామును తర్వాత తేవచ్చు.