నేను పీటీఏ (పేరెంట్స్-టీచర్స్ సంఘం) మెంబర్‌నట!

ఈ సాయంత్రమే జరిగింది, ఒళ్ళు మండిపోతోంది. మా చిన్నోడి స్కూల్ పేరెంట్స్ వాట్సాప్ గ్రూప్‌లో ఒక్క ప్రశ్న అడిగాను. "మేడమ్, టర్మ్ ఫీజు రసీదులో పీటీఏ సబ్‌స్క్రిప్షన్ అని 600 రూపాయలు వేశారు కదా, పోయినేడాది వసూలైన డబ్బు దేనికి ఖర్చయిందో లెక్క చెప్తారా?" చివర్న దండం బొమ్మ కూడా పెట్టాను. కాసేపటికి గ్రూప్‌కి తాళం పడింది. ఇకమీదట అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టగలరు. ఆ వెంటనే అడ్మిన్ గారు పెట్టిన మెసేజ్ ఏమిటంటే, రేపు ఆరెంజ్ కలర్ డే, పిల్లలకి ఆరెంజ్ టీషర్ట్ వేసి పంపండి అని.

లెక్క అడిగితే ఆరెంజ్ టీషర్ట్! ఈ రాత్రి పూట బెంగళూరులో ఎనిమిదేళ్ళ పిల్లాడికి ఆరెంజ్ టీషర్ట్ ఎక్కడ దొరుకుతుందో ఆ అడ్మిన్ గారే చెప్పాలి.

అసలు నేనెప్పుడు మెంబర్‌నయ్యాను? ఫారం నింపలేదు, సంతకం పెట్టలేదు. రసీదే నన్ను చేర్చుకుంది. సంఘం అన్నాక మీటింగో ఎన్నికో ఏదో ఒకటి ఉండాలి కదా. మాకు జూన్‌లో ఒక పోస్టర్ వచ్చింది. ఆరుగురి ఫొటోలు, కింద కంగ్రాచ్యులేషన్స్, చుట్టూ బెలూన్లు. ఎవరు నిలబడ్డారు, ఎవరు ఓటేశారు అని ఎవరూ అడగలేదు. వరసగా నలభై చప్పట్ల బొమ్మలు. అందులో ఒకటి మా ఆయనది. "అందరూ పెడుతున్నారని పెట్టాను" అన్నాడు మహానుభావుడు.

వీళ్ళు మాటకి ముందు పేరెంట్ ఇన్వాల్వ్‌మెంట్ అంటారు. అది ఎలా ఉంటుందో నాకు తెలుసు. యాన్యువల్ డేకి మూడు మూరల శాటిన్ పంచె, బంగారు అంచుతో, వాళ్ళు చెప్పిన షాపులోనే అద్దెకి తేవాలి. సైన్స్ ఎగ్జిబిషన్‌కి థర్మకోల్‌తో అగ్నిపర్వతం చెయ్యాలి. అది చేసేది నేను, మార్కులు వాడికి. స్పోర్ట్స్ డే నాడు మెడలో వాలంటీర్ కార్డు వేసుకుని ఎండలో నిలబడి గ్లూకోజ్ నీళ్ళు పంచాలి. అప్పుడు మాత్రం మనం స్కూల్ కుటుంబం. బస్సు ఫీజు ఎందుకు పెరిగిందని అడిగితే మాత్రం "ఇది మేనేజ్‌మెంట్ నిర్ణయం మేడమ్."

పీటీఎమ్, అదే పేరెంట్స్-టీచర్స్ మీటింగ్, దాని సంగతి సరేసరి. కింద పిల్లల కుర్చీలో ముడుచుకుని కూర్చుంటే, టీచరమ్మ ట్యాబ్ చూసుకుంటూ "గుడ్ బాయ్, హ్యాండ్ రైటింగ్ కొంచెం ఇంప్రూవ్ కావాలి" అంటుంది. పక్క పిల్లాడి అమ్మకీ అదే మాట. అయిదు నిమిషాలు కాగానే నెక్స్ట్. పాపం ఆవిడదీ తప్పు కాదులెండి, అంత తక్కువ జీతానికి ఆదివారాలు కూడా రమ్మంటే ఎవరైనా ట్యాబే చూస్తారు.

ఇప్పుడు అసలు మంట పుట్టించే సంగతి చెప్తాను. మా ఇంట్లో పని చేసే అక్క రాయచూరు వైపు మనిషి, తెలుగు గలగలా మాట్లాడుతుంది. వాళ్ళ పాప చదివేది ఇక్కడి ప్రభుత్వ బడిలో. అక్క ఆ బడి ఎస్‌డీఎంసీలో, అంటే బడి బాగోగులు చూసే కమిటీలో, సభ్యురాలు. కర్ణాటకలో ప్రభుత్వ బళ్ళకి ఈ కమిటీలు 2001 నుంచీ ఉన్నాయి. మధ్యాహ్న భోజనంలో గుడ్డు తినని పిల్లలకి అరటిపండు ఇవ్వాలి కదా, పోయిన నెల పండ్లు నల్లగా మగ్గిపోయినవి వచ్చాయట. ఈవిడ ఒక పండు తీసుకెళ్ళి హెడ్‌మాస్టర్ గారి టేబుల్ మీద పెట్టి, "ముందు మీరు తినండి సార్, నేను చూస్తాను" అందట. మర్నాటి నుంచి మంచి పండ్లు! లక్షలు పోసి చదివిస్తున్న నేనేమో టీషర్ట్ కోసం తిరుగుతున్నాను.

2009 విద్యాహక్కు చట్టంలో రాసే ఉంది. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేట్ స్కూళ్ళకి మాత్రం ఇది వర్తించదు. ఎంత చక్కగా కుదిరిందో చూడండి. ఫీజు కట్టనివాడికి అడిగే హక్కు, కట్టేవాడికి కలర్ డే. సీబీఎస్ఈ నిబంధనల్లో కూడా స్కూల్ కమిటీలో పేరెంట్స్ తరఫున ఇద్దరు ఉండాలి. మా స్కూల్లో ఆ ఇద్దరూ ఎవరో, ఏ లోకంలో ఉన్నారో, గ్రూప్‌లో అడుగుదామంటే తాళం.

2025 జులై 10న ఆంధ్రాలో మెగా పీటీఎమ్ పెట్టారు గుర్తుందా? మా అమ్మావాళ్ళ ఊరికి దగ్గరే, కొత్తచెరువు బడికి ముఖ్యమంత్రి, విద్యాశాఖ మంత్రి ఇద్దరూ వచ్చారు. అదంతా ఫొటోల కోసమే అని మా మరిది వెటకారం చేశాడు. అయితే అయింది నాయనా, ఫొటోలోనైనా తల్లిదండ్రులున్నారు. మా పోస్టర్‌లో బెలూన్లున్నాయి.

లెక్కల సంగతి వదిలేయండి, 600తో నేనేం బీదదాన్నయిపోను. నాకు అసలు కడుపుమంట తెలుగు విషయంలో. మారతహళ్ళి, కేఆర్ పురం, వైట్‌ఫీల్డ్ వైపు ఏ అపార్ట్‌మెంట్ లిఫ్ట్ ఎక్కినా తెలుగే వినిపిస్తుంది. మా వాడి క్లాసులో సగం మంది మనవాళ్ళే. 2015 చట్టం ప్రకారం ఇక్కడ ప్రతి స్కూల్లో కన్నడం మొదటి భాషగానో రెండో భాషగానో నేర్పాలి. నేర్పాల్సిందే, ఈ ఊరి ఉప్పు తింటున్నాం, నేను కూరగాయల బేరం కన్నడంలోనే చేస్తాను. నేనడిగింది మూడో భాష గురించి. హిందీ, సంస్కృతం, ఫ్రెంచ్ ఉన్నాయి కదా, తెలుగు కూడా పెట్టండి అన్నాను. సీబీఎస్ఈ పదో తరగతి సబ్జెక్టుల్లో తెలుగు ఒకటి కాదు, ఆంధ్రకి వేరు, తెలంగాణకి వేరు, రెండున్నాయి!

వాళ్ళ సమాధానం వినండి. "పేరెంట్స్ నుంచి డిమాండ్ లేదు మేడమ్."

మరి ఫ్రెంచ్ కోసం ధర్నా చేసినవాళ్ళెవరో? వైట్‌ఫీల్డ్‌లో ఏ తాతయ్య మనవడికి ఫ్రెంచ్‌లో ఉత్తరం రాస్తున్నాడు? మా నాన్న పంపిన పుట్టినరోజు కార్డు మా వాడు నా చేత చదివించుకున్నాడు. తాతయ్య అక్షరాలు వాడికి ముగ్గుల్లా కనిపిస్తాయట. డిమాండ్ లేదంటారు, డిమాండ్ చెప్పుకునే గ్రూప్‌కి తాళం వేస్తారు, ఆ తాళానికి మళ్ళీ మన దగ్గరే చందా!

మనవాళ్ళూ తక్కువ కాదు. లిఫ్ట్‌లో నా చెవిలో "కరెక్ట్‌గా అడిగారండీ" అంటారు. గ్రూప్‌లో మాత్రం చప్పట్లు.

ఇది చదివి మా స్కూలేదో పోల్చుకున్నవాళ్ళు కామెంట్ పెట్టకండి, ఆ ఆరుగురిలో ఇద్దరు నా ఫ్రెండ్స్ లిస్టులో ఉన్నారు. ఇన్‌బాక్స్‌కి రండి. తెలుగు కోసం ఒకటి, లెక్కల కోసం ఒకటి, రెండు అర్జీలు టైప్ చేసి శనివారం పీటీఎమ్‌కి తెస్తాను. పెన్ను మీది మీరు తెచ్చుకోండి.