చిలక్కొయ్యల మీద పేర్లు: ఊరి చరిత్రలో ఎవరి బాల్యం ఉంది?

ఇంగ్లండ్ దక్షిణ తీరాన, డోర్సెట్ కౌంటీలో టైన్‌హామ్ అనే ఊరుంది. ఊరంటే ఇప్పుడు కప్పులు ఎగిరిపోయిన మొండిగోడలు, ఒక చర్చి, ఒక బడి. మనుషులు లేరు. బడిగదిని మాత్రం పిల్లలు ఇప్పుడే ఆటకి పరుగెత్తినట్టు సర్ది ఉంచారు. బల్లలున్నాయి. చెట్ల గురించీ పిట్టల గురించీ పిల్లలు రాసుకున్న పాఠాలున్నాయి. గోడకి వరసగా కోట్లు తగిలించుకునే చిలక్కొయ్యలు, ఒక్కో కొయ్య దగ్గర ఒక్కో పిల్లవాడి పేరు.

1943 డిసెంబర్‌లో, క్రిస్మస్ ఇంకా కొద్ది రోజులుందనగా, సైన్యం ఈ ఊరినీ చుట్టుపక్కల ఇళ్లనూ ఖాళీ చేయించింది. ట్యాంకుల మీంచి కాల్పులు నేర్పడానికి స్థలం కావాలంది. సుమారు 225 మంది మూటాముల్లె సర్దుకున్నారు. వెళ్లేముందు చర్చి తలుపుకి ఒక చీటీ పెట్టారు. చర్చినీ ఇళ్లనూ జాగ్రత్తగా చూసుకోండి, తరతరాలుగా ఉన్న ఇళ్లను యుద్ధంలో గెలవడం కోసం వదిలి వెళ్తున్నాం, ఒకరోజు తిరిగొస్తాం అని దాని సారాంశం. యుద్ధం ముగిసింది. 1948లో ప్రభుత్వం ఆ నేలను చట్టప్రకారం తనదిగా చేసుకుంది. ఊరు మళ్లీ నిలవలేదు.

బ్రిటన్‌లో ఈ కథ చెప్పేవాళ్లంతా ఊరి త్యాగం గురించీ సర్కారు తప్పిన మాట గురించీ చెప్తారు. రెండూ నిజమే. నన్ను మాత్రం ఆపింది పరిహారం సంగతి. టైన్‌హామ్‌లో పొలాలూ ఇళ్లూ దాదాపు అన్నీ బాండ్ అనే ఒక్క భూస్వామి కుటుంబానివి. మిగతావాళ్లు ఆ ఇళ్లలో అద్దెకున్న పాలేర్లు, గొర్రెల కాపరులు, జాలర్లు. ఇల్లు సొంతం కాదు కాబట్టి వాళ్లకి ఇంటికి డబ్బు రాలేదు. పెరట్లో పండించుకున్న కూరగాయలకు లెక్క కట్టి ఇచ్చారు, అంతే. తాత పుట్టిన గదిలోనే మనవడు పుట్టినా, ప్రభుత్వ కాగితాల్లో అతనికి ఆ ఊళ్లో ఉన్న ఆస్తి నాలుగు మళ్ల క్యాబేజీ.

ఇదే తేడా జ్ఞాపకాల్లోనూ ఉంది. ఆ భూస్వామి ఇంటి ఆడపడుచు ఒకామె తన చిన్ననాటి టైన్‌హామ్ మీద 1956లో పుస్తకం అచ్చువేసింది. ఆ ఊరి గురించి తర్వాత రాసిన వాళ్లంతా దానిమీదే ఎక్కువగా ఆధారపడ్డారు. ఆమెకు ఆ నేల మీదున్న మమకారాన్ని నేను శంకించను. కానీ పెద్దింటి కిటికీలోంచి కనిపించే ఊరు వేరు, వానలో బురద తొక్కుకుంటూ బడికెళ్లే పాలేరు కొడుక్కి కనిపించే ఊరు వేరు. మొదటిది పుస్తకమైంది. రెండోది చిలక్కొయ్య మీద పేరుగా ఆగిపోయింది.

ఇంకో సంగతి. ఆ బడిని మూయించింది సైన్యం కాదు. పిల్లల సంఖ్య తొమ్మిదికి పడిపోయి అది 1932లోనే మూతపడింది. అంటే సైన్యం రావడానికి పదకొండేళ్ల ముందే పిల్లలున్న కుటుంబాలు ఊరు విడిచిపోతున్నాయి. రెండు యుద్ధాల మధ్య కాలంలో ఇంగ్లండ్ వ్యవసాయం చితికిపోయింది. గుర్రాల స్థానంలో యంత్రాలు వచ్చాయి, కూలీకి పని తగ్గింది. పాలేరు ఇల్లు కొలువుతో ముడిపడి ఉండేది, కొలువు పోతే ఇల్లూ పోయేది. ‘పచ్చగా ఉన్న పల్లెను సైన్యం మింగేసింది’ అని జ్ఞాపకం చెప్తుంది. ‘అప్పటికే ఖాళీ అవుతున్న పల్లె’ అని బడి చెప్తుంది. ఊరి చరిత్ర రాసేవాళ్లు ఈ రెంటిలో ఏ ఒక్కదాన్నీ వదలకూడదని నా వాదన. బ్రిటన్ పల్లెల విషయంలో ఈ రెండోది దొరుకుతుంది కూడా.

ఎందుకు దొరుకుతుందంటే, 1862లో అక్కడి ప్రభుత్వం ఒక నిబంధన పెట్టింది. గ్రాంటు తీసుకునే ప్రతి బడిలోనూ హెడ్మాస్టరు ఒక లాగ్‌బుక్కు రాయాలి. అందులో జరిగింది రాయాలే తప్ప సొంత అభిప్రాయాలు రాయకూడదు. అదే నిబంధన గ్రాంటును పిల్లల హాజరుకీ, చదవడం, రాయడం, లెక్కల పరీక్షలకీ ముడిపెట్టింది. పిల్లవాడు రాకపోతే బడికొచ్చే డబ్బు తగ్గేది, దానితోపాటు మాస్టారి బతుకూ ఇరుకున పడేది. కాబట్టి ఎవరు రాలేదో, ఎందుకు రాలేదో హెడ్మాస్టర్లు పట్టుదలగా రాసి పెట్టారు. లెక్క చూపడానికి రాసుకున్న ఆ మాటలే ఈరోజు పేదపిల్లల బాల్యానికి మిగిలిన సాక్ష్యం. బంగాళాదుంపలు తవ్వడానికి వెళ్లారు. పొలంలో రాళ్లేరడానికి వెళ్లారు. చెక్కల గిలకలు ఆడిస్తూ గింజల మీద వాలే పిట్టల్ని తోలుతున్నారు. బూట్లు లేక రాలేదు. తట్టు సోకి బడి మూసేశాం. ఏ కౌంటీ లాగ్‌బుక్కు తెరిచినా ఇలాంటి కారణాలే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. వేసవి సెలవుల్ని సైతం చాలా పల్లెల్లో కోతలకు తగ్గట్టు జరిపేవారు.

కోతలయ్యాక పరిగె ఏరుకోవడం ఉండేది. మన పల్లెల్లో పెరిగినవాళ్లకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. తూర్పు ఇంగ్లండ్‌లో రైతు తన పొలంలో ఒక్క పన మాత్రం నిలబెట్టి ఉంచేవాడు. దాన్ని ‘పోలీసు’ అనేవాళ్లు. అది ఉన్నంతసేపు పొలంలోకి అడుగు పెట్టకూడదు. అది తీసేస్తే పరిగెకు అనుమతి ఇచ్చినట్టు. చాలా ఊళ్లలో పొద్దున్నే చర్చి గంట మోగేది, ఆ గంట విన్నాకే తల్లులూ పిల్లలూ ఒకేసారి దిగాలి. ముందు దిగి ఎవరూ ఎక్కువ ఏరుకోకూడదని ఆ కట్టుబాటు. ఏరిన గోధుమల్ని మరపట్టించుకుంటే చలికాలంలో చాలా రోజులకు రొట్టె. ముసలివయసులో ఆ పిల్లలు దీన్ని పండగలా తలుచుకున్నారు. అదే సంగతి లాగ్‌బుక్కులో గైర్హాజరు. ఆ సంబరాన్నీ ఈ గైర్హాజరునూ పక్కపక్కన పెడితేనే ఆ ఇంట్లో గోధుమ గింజకున్న విలువ తెలుస్తుంది.

కాగితం లేకపోతే జ్ఞాపకానికి అర్థం తెలియని సందర్భాలూ ఉన్నాయి. మొదటి ప్రపంచయుద్ధంలో, 1917 శరత్కాలంలో, బ్రిటన్ బడిపిల్లలు చెట్ల కింద రాలిన హార్స్ చెస్ట్‌నట్ కాయలు బస్తాలకొద్దీ ఏరారు. తినడానికి పనికిరాని కాయలవి. ఎందుకు ఏరమన్నారో చెప్పలేదు. దేశం కోసం ఏరామనే గుర్తు మాత్రం మిగిలింది. తూటాల్లో వాడే కార్డైట్ అనే మందు తయారీకి అసిటోన్ అనే రసాయనం కావాలనీ, ఆ కాయల పిండినుంచి దాన్ని తీయబోయారనీ తర్వాత కాగితాలే చెప్పాయి.

కాగితంలోకి ఎక్కని పెద్దవాళ్ల మాటను పట్టుకున్న మనిషి జార్జ్ యూవర్ట్ ఎవాన్స్. వేల్స్ బొగ్గుగనుల ప్రాంతంలో పుట్టినవాడు. భార్యకు సఫోక్ కౌంటీలోని బ్లాక్స్‌హాల్ అనే పల్లెలో బడి పంతులమ్మ ఉద్యోగం రావడంతో 1948లో కుటుంబం అక్కడి బడి ఇంట్లో చేరింది. ఇరుగుపొరుగున ఉన్న ముసలి గొర్రెల కాపరులు, గుర్రాల పనివాళ్లు కొడవలితో కోసిన కాలం ముచ్చట్లు చెప్తుంటే ఆయన రాసుకున్నాడు. ఆ ముచ్చట్లూ 1956లోనే పుస్తకమయ్యాయి. బ్రిటన్‌లో మౌఖిక చరిత్రకు ఆయన్ని ఆద్యుల్లో ఒకరిగా లెక్కిస్తారు. ‘మీ ఊరి గురించి చెప్పండి’ అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. కొడవలి ఎలా పట్టేవారు, బువ్వలో ఏం తెచ్చుకునేవారు, కోతల మేస్త్రీ రైతుతో ఎంతకు బేరం కుదిర్చేవాడు అని అడిగితే మాట ఆగదు. ఎవాన్స్ తరం నేర్పిన పద్ధతి ఇది.

అదే 1956 నవంబర్‌లో మరో పల్లె జనం పిల్లల్ని వెంటబెట్టుకుని లివర్‌పూల్ వీధుల్లో నడిచారు. వాళ్లది వేల్స్‌లో ట్రవెరిన్ లోయలోని కాపెల్ కెలిన్. లివర్‌పూల్ నగరానికి నీళ్ల కోసం ఆ లోయను ముంచాలనుకున్నారు. వేల్స్ స్థానిక సంస్థల అనుమతితో పనిలేకుండా నేరుగా పార్లమెంటు చట్టం తెచ్చారు. వేల్స్‌కున్న 36 మంది ఎంపీల్లో ఒక్కరు కూడా దానికి ఓటు వేయలేదు. అయినా 1957లో చట్టమైంది. 1965 అక్టోబర్‌లో జలాశయాన్ని ప్రారంభించారు. నిరసనకారులు మైకు తీగలు కోసేయడంతో ఆ సభ కొద్ది నిమిషాల్లోనే ముగిసింది. బడి, ప్రార్థనామందిరం, పోస్టాఫీసు, ఇళ్లు నీళ్ల కిందికి వెళ్లాయి. 48 మందికి ఇల్లు లేకుండా పోయింది.

48 అంటే చిన్న సంఖ్యే. కానీ ఇంట్లో, బడిలో, ప్రార్థనలో, పొలంలో వెల్ష్ భాషతోనే తెల్లవారే ఊరది. 19వ శతాబ్దంలో కొన్ని వేల్స్ బడుల్లో వెల్ష్ మాట్లాడిన పిల్లవాడి మెడలో చెక్క ముక్క వేలాడదీసేవారు. అలాంటి గతం దాటి పిల్లలు తమ భాషలో చదువుకుంటున్న బడి ఒకటి మునిగిపోయిందంటే పోయినవి నాలుగు గోడలే కాదు. అందుకే ‘ట్రవెరిన్‌ను గుర్తుపెట్టుకోండి’ అని అబెరిస్ట్‌విత్ దగ్గర రోడ్డు పక్క మొండిగోడ మీద ఎవరో వెల్ష్‌లో రాస్తే, ఎవరు చెరిపినా మళ్లీ మళ్లీ రాస్తున్నారు. లివర్‌పూల్ నగరపాలక సంస్థ 2005లో క్షమాపణ చెప్పింది.

ఇదంతా చదువుతుంటే మన కృష్ణా నది గుర్తుకు రాకుండా ఉండదు. లివర్‌పూల్ ఊరేగింపుకి ఏడాది ముందు, 1955 డిసెంబర్ 10న, నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. మునిగిపోయే లోయలో 1954 నుంచి 1960 దాకా పురావస్తుశాఖ తవ్వకాలు జరిపింది. ఇక్ష్వాకుల విజయపురిలోని కట్టడాల్ని రాయి రాయి విప్పి కొండ మీద తిరిగి నిలబెట్టింది. గొప్ప పని అది, అందులో నాకు సందేహం లేదు. అయితే అదే లోయలో పుల్లారెడ్డిగూడెం లాంటి పల్లెలూ ఉన్నాయి. 1,700 ఏళ్ల కిందటి విహారంలో భిక్షువు ఏ గదిలో ఉండేవాడో మనకి తెలుసు. 1950ల్లో ఆ పల్లె పిల్లలు ఏ చెట్టు కింద చదువుకున్నారో మనకి తెలియదు. 1981లో శ్రీశైలం జలాశయం కోసం ఖాళీ చేయించిన ఊళ్లదీ అదే పరిస్థితి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపూర్‌లో తిరిగి కట్టుకున్నాం. ఆ గుడి మెట్ల మీద ఆడుకున్న పిల్లల మాట ఎక్కడా కట్టుకోలేదు.

ముంపు ఊరి లెక్కల్లో ఇల్లు, భూమి, బావి, చెట్టు అన్నీ ఉంటాయి, వాటికి ధర కడతారు. బడి అయితే ఒక భవనం. కానీ ఆ భవనంలో ఒక అడ్మిషన్ రిజిస్టరు ఉంటుంది. భూమి ఉన్నవాడి కొడుకూ, లేనివాడి కూతురూ ఒకే వరసలో నమోదైన కాగితం ఆ ఊళ్లో బహుశా అదొక్కటే. టైన్‌హామ్ పాలేర్లకు క్యాబేజీ లెక్క మిగిలినట్టు, మన దగ్గర కౌలుదారుకీ కూలీకీ పట్టా ఉండదు, రికార్డుల్లో వాళ్ల ఊసే ఉండదు. రిజిస్టర్లో మాత్రం పేరుంటుంది, తండ్రి పేరుంటుంది, బడి ఎప్పుడు మానేశారో ఉంటుంది. ముంపు బడుల రిజిస్టర్లు ఏ మండల కార్యాలయంలో, ఏ పునరావాస కాలనీ బడిలో ఉన్నాయో వెతికించి నకళ్లు తీయించడం విద్యాశాఖకు పెద్ద ఖర్చేమీ కాదు. ఆ పేర్లు పట్టుకుని మనుషుల దగ్గరికి వెళ్లి మాట రికార్డు చేయడం మన విశ్వవిద్యాలయాల చరిత్ర విభాగాలు చేయగలిగిన పని.

శ్రీశైలం ముంపు నాటికి అయిదో తరగతి చదువుతున్నవాళ్లకి ఇప్పుడు యాభై దాటింది. సాగర్ నాటి పిల్లల్లో ఉన్నవాళ్లు ముసలివాళ్లయ్యారు. కుక్కునూరు, వేలేరుపాడు, దేవీపట్నం వైపు పోలవరం ముంపు ఊళ్లలో ఇంట్లో కోయ మాట్లాడి బడిలో తెలుగు చదివిన పిల్లలు ఇంకా చిన్నవాళ్లే. ఏ వాగు దాటి బడికెళ్లేవాళ్లో, వాగు పొంగిన రోజు ఎవరి ఇంట్లో ఆగేవాళ్లో అడిగితే ఇవాళ్టికీ చెప్తారు.