గ్రాఫ్టులు లెక్కపెట్టే క్లినిక్కులకు రెండో నెల గుర్తుండదు

హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ ప్రకటనల్లో ఎప్పుడూ రెండే ఫొటోలుంటాయి, ముందు ఒకటి, తర్వాత ఒకటి. ఆ రెంటికీ మధ్య దాదాపు ఏడాది గడుస్తుంది. అందులో రెండు మూడు నెలలు మనిషి అద్దం ముందు నిలబడటానికే జంకుతాడు. ఆ నెలల ఫొటో మాత్రం అమీర్‌పేటలో కాదు, బెంజి సర్కిల్‌లో కాదు, ఏ హోర్డింగ్ మీదా కనపడదు. నా గొడవంతా ఆ నెలల గురించే.

సర్జరీ ఎలా చేస్తారో ఇప్పుడు చాలామందికి తెలుసు. తల వెనక నుంచి కుదుళ్లు, అంటే గ్రాఫ్టులు, తీసి ముందు నాటుతారు. మొదటి రెండు వారాలు కష్టమే అయినా దారి తెలిసిన కష్టం: తల ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి, సెలైన్ చల్లుకోవాలి, మూడో రోజుకి నుదుటి వాపు కళ్ల మీదికి దిగినా కంగారుపడకూడదు, పెచ్చులు గోకకూడదు. ఇవన్నీ కాగితం మీద రాసిస్తారు. అసలు దెబ్బ ఆ కాగితం అయిపోయాక తగులుతుంది. రెండో వారం తర్వాత, రెండో నెల లోపు, నాటిన వెంట్రుకల్లో ఎక్కువ భాగం రాలిపోతాయి. ఒక్కోసారి పక్కనున్న పాత జుట్టు కూడా కొంత ఊడుతుంది. లోపల కుదురు బతికే ఉంటుంది, మూడు నాలుగు నెలలకి మళ్లీ మొలక వేస్తుంది, పూర్తి ఫలితం తెలియాలంటే పన్నెండు నెలలు, నడినెత్తి మీదైతే ఇంకా ఆలస్యం. డాక్టర్‌కి ఇది మామూలు విషయం. లోన్ తీసుకుని ఈఎంఐ కడుతూ, ఇంట్లో సగం నిజమే చెప్పి, ఆఫీసు మీటింగుల్లో కెమెరా ఆపేసుకుని కూర్చున్న కుర్రాడికి మాత్రం డబ్బూ పోయింది, ఉన్న జుట్టూ పోయింది. అప్పుడతను ఫోన్ చేస్తే ఎవరెత్తుతారు? ఫీజు కట్టేదాకా రోజుకి రెండుసార్లు పలకరించిన మనిషి అప్పటికి ఇంకో పేషెంట్ పనిలో ఉంటాడు.

"జుట్టే కదా, ప్రాణం పోయిందా? బట్టతలతో హాయిగా బతికేవాళ్లు లేరా?" అంటారు. ఉన్నారు, వాళ్లకో దండం. కానీ ఆ మాట అనేవాళ్లే పెళ్లిచూపులయ్యాక "అబ్బాయికి అప్పుడే ముందు పల్చబడిందేంటి" అని చెవిలో గొణుగుతారు. మొక్కు తీర్చుకుని కల్యాణకట్టలో తలనీలాలిచ్చి వస్తే దండం పెట్టే ఊరే, తనంతట తను ఊడిన తలని చూసి నవ్వుతుంది. సర్జరీ చేయించుకుని గుండు కనపడినప్పుడు "తిరుపతి వెళ్లొచ్చాం" అని చెప్పుకునేవాళ్లున్నారంటే ఊరికే కాదు.

ఇక్కడ పెళ్లి మాట తేవడం బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం కాదు. చాలా ఇళ్లలో సర్జరీ తేదీని డాక్టర్ కంటే ముందు సంబంధాలే నిర్ణయిస్తున్నాయి. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లకి జుట్టు ఎంతవరకు ఊడుతుందో ఇంకా తేలదు. అప్పుడే ముందు వరస కట్టేస్తే నాటిందక్కడే ఉంటుంది, దాని వెనకది వెనక్కి జరుగుతూ పోతుంది, చివరికి మధ్యలో ఖాళీ. తల వెనక నుంచి తీయగలిగినవి పరిమితం, అవీ అయిపోతే మళ్లీ తెచ్చుకునే చోటు లేదు. అందుకే ముందు మందులు వాడి కొన్నాళ్లు ఆగమని మంచి డాక్టర్లు చెబుతారు. కానీ శ్రావణంలో నిశ్చితార్థం పెట్టుకున్నవాడు ఎందుకు ఆగుతాడు? తక్కువ రేటు, ఎక్కువ గ్రాఫ్టులు అన్నచోటికి పోతాడు. 2016లో చెన్నైలో ఒక వైద్య విద్యార్థి, 2024, 2025లో కాన్పూర్‌లో ఇద్దరు ఇంజినీర్లు ఈ సర్జరీ చేయించుకున్నాక చనిపోయారు. యూట్యూబ్ వీడియోలు చూసి నేర్చుకున్న పనితో ఇది చేయకూడదని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో చెప్పాల్సి వచ్చిందంటే పరిస్థితి ఊహించుకోవచ్చు.

మనసు సంగతి ఎవరూ అడగకపోవడంలో ఇంకో ప్రమాదం ఉంది. సర్జరీతో పాటు చాలామందికి జుట్టు రాలడం తగ్గించే ఫినాస్టరైడ్ మాత్రలు రాస్తారు. వాటి వల్ల ఆత్మహత్య ఆలోచనలు రావచ్చని 2025లో యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ ధ్రువీకరించింది. అందరికీ వస్తాయని కాదు, ఎక్కువమంది ఇబ్బంది లేకుండానే వాడుతున్నారు. కానీ జుట్టు రాలి, నిద్ర పట్టక, ఎవరితోనూ చెప్పుకోలేక ఉన్నవాడికి ఆ మాత్ర రాసేటప్పుడు "ఇంతకుముందు డిప్రెషన్ ఉందా? ఇప్పుడెలా ఉంది?" అని రెండు ప్రశ్నలు అడగడానికి ఎంతసేపు పడుతుంది? తేడా అనిపిస్తే పేషెంట్ కూడా వాట్సాప్ గ్రూపుల్లో ఫొటోలు పెట్టి అభిప్రాయాలు ఏరుకునే బదులు, మందు రాసిన డాక్టర్‌కే చెప్పాలి, అవసరమైతే సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లాలి. మగవాడు జుట్టు కోసం ఏడవడమేంటని నవ్వే బంధువుల మాట ఆ ఒక్క రోజుకి పక్కన పెట్టొచ్చు.

క్లినిక్కులు తమంతట తాము మారతాయన్న నమ్మకం నాకు లేదు. కాబట్టి బేరం ఆడేటప్పుడు గ్రాఫ్ట్ రేటు ఒక్కటే ఆడొద్దు. రెండో నెలలో సర్జరీ చేసిన డాక్టర్‌తోనే అపాయింట్‌మెంట్ రాసివ్వమనండి, ఫీజులో పావు వంతు ఆరో నెల చెకప్ రోజున కడతామనండి. అలా ఒప్పించుకుంటే ఫోన్ చేయాల్సిన పని మీకుండదు, వాళ్లే చేస్తారు.